తైలపాయిక నుంచి జర్మన్ బొద్దింక దాకా



మొన్న వేసవిలో అటక మీది ట్రంకుపెట్టె దించి పాత పుస్తకాలకు ఎండ చూపించాను. పండిత శిక్షణ నాటి అమరకోశం ప్రతి వెన్ను చేతిలోనే ఊడి వచ్చింది. బైండు చేసినవాడు పూసిన మైదా బంక ఉన్నంత మేరా ఎవరో శ్రద్ధగా గీకి తిన్నారు. కుట్టు దగ్గర అలసంద గింజంత, ముదురు గోధుమరంగు తిత్తి ఒకటి అతుక్కుని ఉన్నది. దాని ఒక అంచున రంపపు పళ్ళ వంటి గీత. బొద్దింక గుడ్లతిత్తి అది. లోపలివారు ఏనాడో పొదిగి, బంక భోంచేసి, వెళ్ళిపోయారు.

ఏ పుస్తకాన్ని తిన్నదో ఆ పుస్తకంలోనే దాని పేరున్నది. అమరకోశం ద్వితీయకాండ సింహాదివర్గంలో 'పరోష్ణీ', 'తైలపాయికా' అని రెండు పేర్లు పక్కపక్కనే కనిపిస్తాయి. తైలపాయిక అనగా నూనె త్రాగునది. వీటి పక్కనే గబ్బిలం పేర్లుండటం వలన ఇదీ ఒక జాతి గబ్బిలమే కాబోలునని కొందరనుకున్నారు. బొద్దింకేనని మరికొందరన్నారు. నేను రెండవ పక్షం. గబ్బిలం ప్రమిదలో నూనె త్రాగుతుండగా చూచినవారెవరో నాకు తెలియదు గాని, ఆముదపు దీపం కొండెక్కిన తరువాత ప్రమిద అంచున మీసాలు ఆడించే ప్రాణిని నా బాల్యంలో నేనే చూశాను. మనుస్మృతి పన్నెండవ అధ్యాయంలో నూనె దొంగిలించినవాడికి మరుజన్మలో 'తైలపక' దేహం రాసిపెట్టారు. 1794లో ఆ గ్రంథాన్ని ఇంగ్లీషు చేసిన సర్ విలియం జోన్స్ కూడా ఆ మాటను బొద్దింకగానే గ్రహించాడు.

ఇంతకీ చెప్పవచ్చినదేమంటే, ఈ పురుగు మనకు కొత్త చుట్టం కాదు. ఫ్రిజ్జులతో, సింకులతో విదేశాల నుంచి దిగుమతి అయినదన్న అభిప్రాయం చాలామందిలో ఉన్నది. పేర్లు కూడా అలాగే ఉన్నాయి గదా! ఒకటి అమెరికన్ బొద్దింక, మరొకటి జర్మన్ బొద్దింక. పేర్లను నమ్మి వంశవృక్షం గీస్తే ఎంత పొరబాటవుతుందో చెప్పడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

అమెరికన్ బొద్దింక అంటే మన స్నానాలగదిలో, మురుగు తూములో కనిపించే పెద్దది. పొడవు మూడున్నర నుంచి నాలుగు సెంటీమీటర్లు. ఎర్రటి గోధుమ వన్నె. తల వెనుకనున్న డాలు వంటి పలక చుట్టూ లేత పసుపు అంచు. ఉక్కపోత రాత్రుల్లో రెక్కలు విప్పి ముఖం మీదికే ఎగురుతుంది. 1758లో లిన్నేయస్ దీనికి అమెరికా పేరు పెట్టాడు గాని, దీని స్వస్థలం ఆఫ్రికా ఉష్ణప్రాంతమని, నౌకల్లో అట్లాంటిక్ దాటి అమెరికా చేరినదని తరువాతి శాస్త్రజ్ఞులు నిర్ణయించారు. 'కాక్రోచ్' అన్న ఇంగ్లీషు మాట కూడా సొంతది కాదు. 'కుకరాచా' అన్న స్పానిష్ పదాన్ని నావికులు నోట నలిపి అలా చేశారు. పిదప ఆంగ్లేయులు దానిలో కోడిపుంజును, చేపను చూసుకొని తృప్తి పడ్డారు. మన బొద్దింకకు ఆ అవస్థ లేదు.

ఇక జర్మన్ బొద్దింక. వంటగదిలో నూటికి తొంబది పాళ్ళు పోరు దీనితోనే. పొడవు ఒకటి, ఒకటిన్నర సెంటీమీటరు మించదు. లేత గోధుమరంగు. తల వెనుక పలక మీద రెండు నల్లని నిలువు చారలు, ఊర్ధ్వపుండ్రాల వలె, సమాంతరంగా ఉంటాయి. పెద్ద బొద్దింక పిల్లే ఇది అనుకొని ఉపేక్షించేవారు చాలామంది. కాదు, ఇది వేరే జాతి. దీనికి 1767లో లిన్నేయస్ జర్మనీ పేరు తగిలించాడు. రష్యావారు దీనిని 'ప్రష్యావాడు' అంటారు. జర్మనీలో దీనికి 'రష్యావాడు' అన్న పేరున్నది. గిట్టని పొరుగువాడి పేరు పురుగుకు పెట్టుకోవడంలో మానవజాతి అంతా ఒక్కటే.

దీని పుట్టినిల్లు ఎక్కడో రెండువందల ఏళ్ళకు పైగా తేలలేదు. చివరకు 2024లో ఒక పరిశోధక బృందం ఆరు ఖండాలలోని 17 దేశాల నుంచి 281 బొద్దింకలను సేకరించి, వాటి జన్యువులను పోల్చి, జవాబు ప్రకటించింది. సుమారు 2100 ఏళ్ళ క్రితం, భారతదేశంలోనో మయన్మారులోనో, పొలాల్లో బ్రతికే ఆసియా బొద్దింక నుంచి ఇది విడివడి మనిషి ఇంటికి అలవాటు పడిందట. అక్కడి నుంచి సుమారు 1200 ఏళ్ళ క్రితం పడమటికి, అరబ్బుల రాజ్యాలకు ప్రాకింది. సుమారు 390 ఏళ్ళ క్రితం ఐరోపా వర్తక కంపెనీల కాలంలో తూర్పు దీవులకు చేరింది. ఐరోపాకు చేరి మూడువందల ఏళ్ళు కూడా కాలేదు. చేరీ చేరగానే లిన్నేయస్ కంటపడి జర్మనీ పౌరసత్వం పుచ్చుకున్నది!

ఈ లెక్కలు చూసినప్పుడు నాకు మన చరిత్రే గుర్తుకు వచ్చింది. 2100 ఏళ్ళంటే ఇటు కృష్ణాతీరాన భట్టిప్రోలు, అమరావతి స్తూపాల చుట్టూ ఊళ్ళు వర్ధిల్లుతున్న కాలం. 390 ఏళ్ళంటే డచ్చివారు, ఆంగ్లేయులు మచిలీపట్నంలో గిడ్డంగులు నడుపుతున్న కాలం. ఆంగ్లేయులు అక్కడ దిగినది 1611లో, డచ్చివారు వారికంటె ముందే. మన రేవు నుంచే అది ఓడ ఎక్కిందని నేననను. ఆధారం లేని గౌరవం మనకెందుకు? కాని, తాటియాకుల ఇళ్ళలో ధాన్యపు గాదెల సందున తరతరాలుగా మనతో కాపురముండి, మన మనుషుల మూటల్లోనే ప్రపంచయాత్ర చేసిన ప్రాణిని పరదేశి అనడం మాత్రం కుదరదు.

పాతకాలపు ఇళ్ళలో బొద్దింకలు లేవా అంటే ఉన్నాయి. గాదె వెనుక, ట్రంకుపెట్టెలో, దేవుడి పటాల వెనుక ఉండేవి. అయితే గుంపులు గుంపులుగా లేవు. మా నరసరావుపేట చుట్టుపట్ల పల్లెల్లో నేను చూసిన పాత వంటిళ్ళను తలచుకుంటే కారణం స్పష్టంగానే కనబడుతుంది. ఆ వంటింట్లో నీళ్ళు బిందెలో ఉండేవి. అంట్లు పెరట్లో తోమేవారు. స్నానం పెరట్లో, మురుగు పెరట్లో. పొయ్యి రెండు పూటలా మండి గోడలను ఎండగట్టేది. రాలిన మెతుకును కోడి ఊరుకోనిచ్చేది కాదు, రాత్రి కాపలాకు బల్లి ఉండేది. బొద్దింకకు తిండి లేకపోయినా కొన్నాళ్ళు సాగుతుంది గాని నీరు లేకపోతే సాగదు. జర్మన్ రకం నీరుంటే ఏమీ తినకుండా నెల దాటి బ్రతుకుతుంది. నీరు కూడా లేకపోతే రెండు వారాలు నిలవడం కష్టం. పొడిగా ఉండటమే ఆ వంటిళ్ళకు రక్ష. దానికి ఎవరూ శాస్త్రం చెప్పలేదు, సౌకర్యం లేకపోవడమే శాస్త్రమైంది.

పల్నాటి ఇళ్ళకు మరొక లక్షణమున్నది. ఇక్కడ భూమి అంతా సున్నపురాయి. అరుగుకు నాపరాయి, నేలకు నాపరాయి, కొన్నిచోట్ల కప్పుకూ నాపరాయే. రెండు బండల నడుమ సందు బొద్దింకకు రాజభవనం. అర సెంటీమీటరు సందు చాలు, పెద్ద బొద్దింక సైతం ఒళ్ళు నొక్కుకొని దూరుతుంది. వీపు, కడుపు రెండూ గోడకు తగులుతుంటేనే దానికి నిద్ర పడుతుందంటే అతిశయోక్తి కాదు. అయితే ఏటా సంక్రాంతికో ఉగాదికో పిడుగురాళ్ళ సున్నం తెప్పించి, సందులు మెత్తి, గోడలకు వెల్ల వేసేవారు. సామాను మొత్తం వాకిట్లోకి చేర్చి దులిపేవారు. పండుగ పేరిట జరిగిన ఆ పని నిజానికి పురుగుల గుడ్లను, గూళ్ళను ఏడాదికొకసారి నిర్మూలించడమే.

1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలారు. కుడికాలువ మా ప్రాంతపు రాత మార్చింది. మెట్టపొలాలు మాగాణులయ్యాయి, ప్రత్తి పెరిగింది, చేతిలో డబ్బు ఆడింది. మిద్దెలు, పెంకుటిళ్ళు పోయి డాబాలు లేచాయి. డాబాతో పాటు నీరు ఇంట్లోకి వచ్చింది. వంటగదిలో సింకు, సింకు క్రింద చీకటి అలమర, పడకగదికి ఆనుకొని స్నానాలగది, వీటన్నిటినీ మురుగు కాలువకు కలిపే గొట్టాలు. అంటే పెద్ద బొద్దింకకు ఊరి మురుగు నుంచి నేరుగా రహదారి వేశాము. ఆ పైన ఫ్రిజ్జు మోటారు వెచ్చదనం, దాని క్రింద నీటి పళ్ళెం. చిన్న బొద్దింకకు ఇంతకంటె స్వర్గం లేదు. సాగర్ నీటిని నిందించడం నా ఉద్దేశం కాదు, ఆ నీరు త్రాగి పెరిగినవాణ్ణే. కాని మనం ఇల్లు మార్చి, అలవాట్లు మార్చి, చివరకు పురుగు పెరిగిందని విస్తుపోయాము.

విస్తుపోయి ఏం చేశాము? విషం తెచ్చాము.

ఆ విషాల చరిత్ర వేరుగా ఒక గ్రంథం. చేమంతి కుటుంబపు పూలను ఎండబెట్టి చేసిన పైరెత్రమ్ పొడి దొరల కాలంలో వాడుకలో ఉండేది. తరువాత ఫ్లిట్టు పంపు వచ్చింది. 1939లో పాల్ ముల్లర్ డి.డి.టి.కి కీటకాలను చంపే గుణమున్నదని కనుగొన్నాడు, 1948లో నోబెల్ బహుమతి పొందాడు. 1953లో మన దేశంలో మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలై పల్లె పల్లెకూ డి.డి.టి. చల్లేవారు వచ్చారు. ఆ వెనుకనే 'గమాక్సిన్ పొడి' ఇంటింటా చేరింది. బి.హెచ్.సి. అనే ఆ పొడిని 1997లో నిషేధించారు. అప్పటిదాకా చీమలకూ, బొద్దింకలకూ, కొన్ని ఇళ్ళలో పిల్లల తలలో పేలకూ అదే మందు!

ఇక చేను మీది మందులు. ఎండ్రిన్, ఫోలిడాల్ అన్న మాటలు తెలుగులో ఎంతగా కలిసిపోయాయో మీకు తెలుసు. మన కథల్లో, సినిమాల్లో ఎండ్రిన్ అంటే చావుకు మారుపేరైంది. ఆ ఎండ్రిన్‌ను 1990లో నిషేధించారు. 1958లో కేరళ, మద్రాసు ప్రాంతాల్లో ఓడ సరకులో ఫోలిడాల్ కారి ఆహారపదార్థాలలో కలిసి వందమందికి పైగా మరణించారు. దేశంలో పురుగుమందులకు ఒక చట్టం కావాలన్న ఆలోచన అక్కడి నుంచే బలపడి, 1968లో క్రిమిసంహారక మందుల చట్టం వచ్చింది. డబ్బా మీది వజ్రాకారపు గుర్తులో ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ రంగులు విషతీవ్రతను ఆ క్రమంలోనే చెబుతాయి. చదువురానివాడికి కూడా తెలియాలని పెట్టిన గుర్తులు. చదువు వచ్చినవాడు చూడకపోతే ఎవరేం చేస్తారు?

ఆ చదువు వచ్చినవాడు నేనే. 1987 మాట. ఆ రోజుల్లో ప్రత్తి మీద తెల్లదోమ, శనగపచ్చ పురుగు విరుచుకుపడ్డాయి. రైతులు ఒకదాని మీద ఒకటిగా మందులు కొట్టారు. కొత్తగా వచ్చిన పైరెత్రాయిడ్ మందులకు పురుగు లొంగడం మానివేసింది. 1987-88లో ప్రకాశం జిల్లాలోను, పల్నాడు కలిసి ఉన్న నాటి గుంటూరు జిల్లాలోను ప్రత్తి రైతులు అప్పుల పాలై, అదే మందు త్రాగి ప్రాణాలు తీసుకున్న వార్తలు వరుసగా వచ్చాయి. తరగతిలో తండ్రి లేని పిల్లలను చూసినవాణ్ణి. అయినా ఇంట్లో బొద్దింకలు ఎక్కువయ్యాయని, చేనుకు వెళ్ళే ఒకరిని అడిగి, మిగిలిన మందు కూల్‌డ్రింకు సీసాలో పోయించుకొని వచ్చాను. సీసాకు చీటీ లేదు. ఎంత నీటిలో ఎంత కలపాలో అడగలేదు. వంటగది అరల వెనుక, పప్పుడబ్బాల వరుస వెనుక గుడ్డతో పూశాను.

తెల్లవారేసరికి చేటెడు బొద్దింకలు చచ్చిపడ్డాయి. నా ఇల్లాలు సంతోషించింది. మధ్యాహ్నం మూడేళ్ళ మా అమ్మాయి అర దగ్గర ఆడుకొని, చేయి నోట పెట్టుకున్నది. ఒక గంటలో నోట చొంగ, వాంతి, కంటిపాపలు సూదిమొనంత అయిపోయాయి. రిక్షాలో ఆసుపత్రికి పరుగెత్తాము. వైద్యుడు చూస్తూనే "ఏం మందు?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. చీటీ లేని సీసా చూపించాను. లక్షణాలను బట్టి అట్రోపిన్ ఇచ్చి, రెండు రాత్రులు కనిపెట్టుకొని ఉండి బ్రతికించాడు. ఆ అమ్మాయికి ఇప్పుడు పిల్లలున్నారు. ఆ సంగతి దానికి గుర్తు లేదు, నాకున్నది.

రెండు నెలలు తిరిగేసరికి బొద్దింకలు మళ్ళీ వచ్చాయి. అది ఎందుకో తరువాత చదివి తెలుసుకున్నాను. మందు పెద్దవాటిని చంపుతుంది, గుడ్లతిత్తి లోపలికి దిగదు. పెద్ద రకం తిత్తిని ఏ చాటునో అతికించి పోతుంది, అందులో పదిహేను దాకా గుడ్లు. చిన్న రకం తిత్తిని పిల్లలు పుట్టే వేళ దాకా తోక దగ్గర మోసుకొని తిరుగుతుంది, అందులో ముప్పది నుంచి నలభై. దాని పిల్ల రెండు మూడు నెలల్లో తల్లి అవుతుంది. చావకుండా మిగిలిన వాటిలో మందును తట్టుకొనేవే ఎక్కువ కాబట్టి తరువాతి తరం మరింత మొండిది. ప్రత్తిచేలో శనగపచ్చ పురుగు నేర్చిన పాఠమే వంటింట్లో బొద్దింకా నేర్చింది. నిజానికి అదే ముందు నేర్చింది. 1950ల ఆరంభంలోనే అమెరికాలోని టెక్సాస్‌లో జర్మన్ బొద్దింకలు క్లోర్డేన్ అనే మందుకు లొంగలేదని తేలింది. అంతకంటె విచిత్రం మరొకటి. తీపి కలిపిన విషపు ఎర పెడితే, ఫ్లోరిడాలో కొన్ని బొద్దింకలు ఎర ముట్టడమే మానివేశాయని 1993లో ప్రకటించారు. గ్లూకోజు వాటి నాలుకకు చేదుగా తోచే మార్పు వచ్చిందని 2013లో నిరూపించారు. తీపిని చేదు చేసుకొని బ్రతికిన ప్రాణితో తలపడుతున్నామన్నమాట.

నడుమ మరొక ముచ్చట. సుద్దముక్కతో గీత గీసే మందుకు 'లక్ష్మణరేఖ' అని పేరు పెట్టినవాడెవరో గాని రసజ్ఞుడు. ఆ పేరు నాది అంటే నాదని వచ్చిన తగవు 2004లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. వాల్మీకంలో ఆ గీతే లేదు, మన రంగనాథ రామాయణంలో ఉన్నది. బడి పంతులుకు సుద్దముక్క చూస్తే చేయి ఊరుకోదు గదా, నేనూ గీశాను. కాని అదీ మందే. మామూలు సుద్ద అనుకొని పిల్లలు చేతబట్టే ప్రమాదం మరీ ఎక్కువ. న్యువాన్ పేరుతో ఇళ్ళలో విరివిగా చల్లిన డైక్లోర్‌వాస్ కూడా 2018 నాటి ఉత్తర్వు ప్రకారం 2020 డిసెంబరు 31తో మన దేశంలో నిషిద్ధమైంది. ఇంకా ఎవరి అటక మీదనైనా పాత సీసా ఉంటే దానిని వాడకండి.

ఇప్పుడు మా ఇంట్లో ఏం చేస్తున్నానో చెబుతాను. ముందుగా ఏ రకమో చూడాలి. రాత్రి పదకొండు గంటలకు ఒక్కసారి దీపం వేసి చూస్తే చాలు. పెద్దవి వస్తుంటే దారి మురుగుది. తూములకు సన్నని జల్లెడ బిళ్ళలు, గొట్టం గోడలో దూరేచోట సిమెంటు, సెప్టిక్ ట్యాంకు మూత అంచులకు మెత్తుడు. ఇంతే, వాటికి ఇంట్లో మందు దండుగ. చిన్నవి వస్తుంటే పోరు వంటగదిలోనే. రాత్రి సింకు తుడిచి పొడిగా వదలడం, ఫ్రిజ్జు క్రింది పళ్ళెం ఖాళీ చేయడం, ఖాళీ అట్టపెట్టెలు ఆనాడే బయట పారవేయడం. కిరాణా అట్టపెట్టెల మడతల్లోనే అవి ఊరు మారతాయి. తరువాత చుక్కలుగా పెట్టే జెల్ ఎర, అరల కీళ్ళ దగ్గర, మిక్సీ వెనుక. తిన్నది గూటికి పోయి చస్తుంది, దాని మలం, శవం తిన్నవి కూడా చస్తాయి. ఎర పెట్టినచోట స్ప్రే కొట్టకూడదు, కొడితే ఎర ముట్టవు. బోరిక్ పౌడరు పాతదే అయినా పని చేస్తుంది. గోధుమపిండి, పంచదారతో కలిపి చేయి దూరని సందుల్లో మాత్రమే పెట్టాలి. మెల్లగా చంపుతుంది, వారం పది రోజులు ఓపిక పట్టాలి. అదీ పిల్లలు మింగరానిదే. బిర్యానీ ఆకులు, కలరా ఉండలు నేనూ పెట్టి చూశాను. వాటి పక్కనే బొద్దింకలు విశ్రమించాయి.

ఇదంతా అసహ్యం కొద్దీ చేసే పని మాత్రమే కాదు. మురుగులోని సూక్ష్మజీవులను అన్నం మీదికి మోసుకొచ్చేది కాళ్ళతోనే. దాని మలం, రాలిన పొలుసుల ధూళి ఉబ్బసాన్ని రెచ్చగొడుతుందని 1964 నుంచి వైద్యులు పరిశీలిస్తూ వస్తున్నారు.

పుస్తకప్రియులకు ఒక చేదు వార్త కూడా చెప్పాలి. చెద వేరు, బొద్దింక వేరు అని మనం అనుకుంటాము. 2007లో జన్యువుల సాక్ష్యంతో తేలినదేమంటే, చెదలు బొద్దింకల వంశంలోని ఒక శాఖయే. నా అమరకోశపు వెన్ను తిన్నవాడు, పక్క అరలోని భారతం అట్టలు తిన్నవాడు దాయాదులన్నమాట.

పెరట్లో ఒక ఆకుపచ్చ మణి వంటి కందిరీగ అప్పుడప్పుడు కనిపిస్తుంది, తొడలు ఎర్రన. పెద్ద బొద్దింకను తలలో కుట్టి, దాని బుద్ధిని స్వాధీనం చేసుకొని, మీసం పట్టుకొని ఆవును తోలుకుపోయినట్లు బొరియలోకి నడిపించుకొని పోతుంది. దాని మీద గుడ్డు పెట్టి మూత వేస్తుంది. కొన్ని వారాలకు ఆ బొరియ నుంచి మళ్ళీ కందిరీగే వెలువడుతుంది. భ్రమరకీట న్యాయం చెప్పిన పూర్వులు చూసినది వేరే పురుగునే కావచ్చు. అయినా తరగతిలో ముప్పది ఏళ్ళు ఆ న్యాయానికి అర్థం చెప్పిన నాకు, పోయిన శ్రావణంలో పెరటి గోడ వారన అది ఒక బొద్దింకను నడిపించుకొని పోతుంటే చూడవలసి వచ్చింది. ఆ గోడ పగులును సున్నంతో పూడ్చాలనుకుంటున్నాను. కందిరీగ బయటికి వచ్చేదాకా ఆగాను.